పన్నెండు కంప్యూటర్లు, ఒక మెమో

2011. మహబూబాబాద్ అప్పటికింకా జిల్లా కాలేదు, వరంగల్ జిల్లాలో ఒక డివిజన్. మేం మాత్రం ఆ పేరు కాగితాల మీద రాసేవాళ్లమే తప్ప నోటితో పలికేవాళ్లం కాదు, మాకది మానుకోట. రైల్వే స్టేషన్ నుంచి బజారుకు వచ్చే రోడ్డు మీద, ఒక టైలర్ దుకాణానికీ మిర్చి విత్తనాల దుకాణానికీ నడుమ ఇరుకు గదిలో నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని. అంతకుముందు మా అబ్బా, అంటే మా నాన్న, అదే గదిలో రేడియోలు బాగుచేశాడు. నా పేరు ఖాజా. ఊళ్లో అందరికీ ఖాజన్న.

ఇంటర్నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు నా గిరాకీలు. వాటితో పాటు ఒక ప్రభుత్వ శాఖ డివిజన్ ఆఫీసుకు ఏఎంసీ కూడా నాదే. ఏఎంసీ అంటే ఏడాది పొడుగునా వాళ్ల మిషన్లు చూసుకునే ఒప్పందం. ఆ శాఖ పేరు రాయను. రాస్తే పాపమంతా ఆ ఒక్కదానిదే అనుకుంటారు, మిగతా శాఖలవాళ్లు మీసాల చాటున నవ్వుకుంటారు.

ఆ ఆఫీసులో లలిత అని ఒక కాంట్రాక్టు ఆపరేటర్ ఉండేది. ఊరవతల తండా నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేది. డిగ్రీ చదివింది. ఇంట్లో లంబాడీ మాట్లాడుకునే పిల్ల, తెలుగు టైపింగులో ఆఫీసు మొత్తానికీ సాటి లేదు. సూపరింటెండెంట్ నర్సయ్య సారుకు ఏ అర్జెంటు లిస్టు కావాలన్నా లలితే. సంతకం సారుది, మెప్పు సారుది, వేళ్ల నొప్పి లలితది.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో ఆ శాఖకు పన్నెండు కొత్త కంప్యూటర్లు మంజూరయ్యాయి. పది మానుకోటకు, రెండు తొర్రూరులోని చిన్న ఆఫీసుకు. ఆర్డరులో రాసింది నాకు నోటికి వచ్చు. కొత్త డ్యూయల్ కోర్ ప్రాసెసర్, రెండు జీబీ ర్యామ్. ప్రాసెసర్ అంటే లెక్కలు చేసే మెదడు. ర్యామ్ అంటే పని చేసేటప్పుడు కాగితాలు పరుచుకునే బల్ల. బల్ల చిన్నదైతే మెదడు ఎంత చురుకైనా పని నత్తనడకే.

కొత్త మిషన్ ఏది వచ్చినా నేను చేసే పని ఒకటుంది. లైవ్ సీడీ పెడతాను. అంటే మిషన్‌లో ఉన్న విండోస్‌ను ముట్టుకోకుండా సీడీ మీది నుంచే నడిచే లినక్స్, విండోస్ చేసే పనే చేసే ఇంకో సిస్టమ్. అది నాకు కోఠిలో కొన్న ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చింది. అందులో హార్డ్‌ఇన్ఫో అనే ఒక చిన్న ఓపెన్ సోర్స్ పనిముట్టు ఉంటుంది. అది మిషన్ లోపల ఏ ప్రాసెసర్ ఉంది, ఎంత ర్యామ్ ఉంది, మదర్‌బోర్డు తయారైనప్పుడే దాంట్లో ఎక్కించే బయాస్ అనే ప్రోగ్రామ్ ఏ తేదీది, అన్నీ తెర మీద పెడుతుంది. బెంచ్‌మార్క్ కూడా చేస్తుంది, అంటే ఒకే లెక్క ఇచ్చి ఎంతసేపట్లో చేస్తుందో కొలుస్తుంది. ఆ రిపోర్టు ప్రింటు తీసి, మడిచి, డబ్బా మూత లోపల అంటిస్తాను. మిర్చి కాంటా పెట్టకుండా కొనే మనిషి మా దిక్కు ఎవడూ ఉండడు గదా, ఇదీ అంతే.

అంత నియమం ఉన్న నేను ఆ పన్నెండు మిషన్లకు మాత్రం ఆ పని చేయలేదు. ఎందుకు చేయలేదో చెబితే ఇప్పటికీ నా మీద నాకే కోపం నషాళానికి అంటుతుంది.

ఆ రోజు బంద్. చౌరస్తాలో రాస్తారోకో. మా మెకానిక్కులంతా ఆ రోజు రిలే దీక్షలో కూర్చున్నాం, నా మెడలో కూడా బంతిపూల దండ. రోడ్డు మీద సైకిల్ కూడా కదలని పొద్దు, ఒక వ్యాన్ మాత్రం నేరుగా వచ్చి టెంటు పక్కన ఆగింది. ముందు అద్దానికి ‘జై తెలంగాణ’ బ్యానర్. అందులోంచి శ్రీను దిగాడు. హైదరాబాద్‌లోని సప్లై కంపెనీ ఇంజినీరు. సొంత ఊరు జనగామ దగ్గరేనన్నాడు. దిగీ దిగగానే నాలుగు నినాదాలిచ్చాడు, గొంతు మాకన్నా పెద్దది. వచ్చి నా పక్కన జంపఖానా మీద కూర్చుని ఇన్‌స్టలేషన్ రిపోర్టు తీశాడు. మిషన్లు ఆర్డరు ప్రకారమే వచ్చాయి, బాగా నడుస్తున్నాయి అని స్థానిక టెక్నీషియన్ ఒప్పుకునే కాగితం అది.

“అన్నా, జర సంతకం గుద్దు. డబ్బాలు ఆఫీసుల దించిన. తొర్రూరుయి పోంగ దించుత. పొద్దుగూకకముందే వరంగల్ దాటాలె.”

“రేపు చూసి పెడ్తతియ్ తమ్మీ. ఒక్కపారి సీడీ పెట్టి చూడాలె.”

“ఏందన్నా, మనోణ్ని నమ్మవా? ఆంధ్రా కంపెనీ అయితే నేనే చెప్తుంటి, చూసి పెట్టుమని.”

చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తొడ మీద కాగితం పెట్టుకుని పన్నెండు మిషన్లకు ఒకే సంతకం పెట్టాను. మా మాటను సినిమాల్లో ఎక్కిరిస్తే ఏళ్ల తరబడి కడుపు మండిన మనిషిని నేను. ఆ మాటే మాట్లాడినవాడు మోసం చేస్తాడన్న ఆలోచన నాకు తట్టలేదు.

నెల తిరక్కముందే లలిత నా దుకాణానికి వచ్చింది.

“అన్నా, గిది కొత్త మిషన్ లెక్క లేదే. రెండు ఫైళ్లు తెరిస్తే ఆగిపోతంది. పాతదే నయముండె.”

నేను వెళ్లి చూశాను. చూడటమంటే విండోస్‌లో సిస్టమ్ ప్రాపర్టీస్ అనే పేజీ తెరిచాను. డ్యూయల్ కోర్, రెండు జీబీ అని రాసి ఉంది. యాంటీవైరస్ నడిపి, “మంచిగనే ఉన్నది, నువ్వే ఒక్కపారి అన్ని తెరుస్తున్నవ్,” అని చెప్పి వచ్చాను. ఇంకోసారి అదే మిషన్ ఫ్యాన్‌లో బల్లి పడితే వారంటీ సీలు చింపి డబ్బా విప్పి, బల్లిని తీసి, మళ్లీ మూసేశాను. లోపల చిప్ మీద ఫ్యాన్ కూర్చుని ఉంటుంది, ఫ్యాన్ తీస్తే తప్ప ప్రాసెసర్ పేరు కనబడదు. ర్యామ్ మీది స్టిక్కర్ చదవొచ్చు. చదవలేదు.

తర్వాత సకల జనుల సమ్మె వచ్చింది. రెగ్యులర్ ఉద్యోగులంతా టెంట్లలో ఉన్నారు. బస్సులు లేవు. కాంట్రాక్టువాళ్లది మాత్రం అటూ ఇటూ కాని బతుకు. రాకపోతే కొలువు పోతుందని భయం, వస్తే సమ్మెకు ద్రోహమని మాట. పైనుంచి ఏదో లిస్టు అడిగారని నర్సయ్య సారే లలితకు ఫోన్ చేసి పిలిపించాడు. సరిగ్గా అప్పుడే ఆమె మిషన్‌కు వైరస్ పట్టి విండోస్ లేవలేదు. నాకు ఫోన్ చేస్తే దీక్షలో ఉన్నానని చెప్పాను. ఆ పిల్ల ఎవరినీ దేబిరించకుండా బీరువాలోని విండోస్ సీడీ తీసుకుని తానే ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించుకుంది. లిస్టు పంపింది. సారుకు మెప్పు వచ్చింది.

సమ్మె ముగిశాక శ్రీను సర్వీసు విజిట్ అని వచ్చాడు. ఒక్కో మిషన్ చూస్తూ లలిత సీటు దగ్గర ఆగాడట. ఆమె తెర మీది సిస్టమ్ ప్రాపర్టీస్‌లో పాత సింగిల్ కోర్ ప్రాసెసర్ పేరు, ఒక జీబీ ర్యామ్. మిగతా తొమ్మిదింటి మీద డ్యూయల్ కోర్, రెండు జీబీ. ఇంకేం, నేరుగా నర్సయ్య సారు గదిలోకి వెళ్లి చెప్పాడు: “సార్, మీ ఆఫీసుల పార్టులు మారినయ్. సీలు గూడ చినిగి ఉన్నది.”

సాయంత్రానికల్లా లలిత చేతిలో మెమో. ప్రాసెసర్, ర్యామ్ దొంగిలించి పాతవి అమర్చినట్టు తెలుస్తున్నది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే తొలగించి పోలీసులకు అప్పగిస్తాం అని. ఆ నర్సయ్య సారు మొన్నటిదాకా టెంటులో మైకు పట్టుకుని, మా పిల్లల కొలువులు మాకే కావాలని గొంతు చించుకున్న మనిషే. చేతి కింద ఉన్న మన పిల్ల కొలువు తీయడానికి ఆయనకు ఒక్క పూట కూడా పట్టలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన శ్రీను మనోడు. పక్క తండా లలిత మాత్రం కాదు.

నన్ను పిలిపిస్తే వెళ్లాను. వరండాలో లలిత నిలబడి ఉంది. నేను ఆమెను పక్కకు పిలిచి మెల్లగా అడిగాను: “బిడ్డా, నిజం చెప్పు. ఎవరికన్న ఇచ్చినవా? చెప్తే నేను సర్దుతా.”

ఆమె నా ముఖం వైపు చూసి, తలుపు దిక్కు తిరిగింది. “మిషన్ చూడన్నా,” అంది.

అప్పుడు తీశాను నా సీడీ. లలిత మిషన్‌లో పెడితే హార్డ్‌ఇన్ఫో సింగిల్ కోర్, ఒక జీబీ అని చూపించింది. బయాస్ తేదీ చూస్తే సప్లై తేదీకి నాలుగేళ్ల వెనక ఉంది. అంటే బోర్డే పాతది. పక్క మిషన్ విండోస్‌లో డ్యూయల్ కోర్ అని రాసి ఉంది, దాంట్లో సీడీ పెట్టాను. మళ్లీ సింగిల్ కోర్, ఒక జీబీ. పదింటికి పదీ అంతే. పైన పటారం, లోన లొటారం.

జరిగిందేమిటో అర్థమైంది. కంపెనీవాళ్లు పాత మిషన్లను కొత్త డబ్బాల్లో బిగించి, విండోస్ లోపల ఆ పేజీని మార్చి, లేని ప్రాసెసర్ పేరు రాసిపెట్టారు. లలిత ఫార్మాట్ చేయడంతో వాళ్ల అబద్ధం చెరిగిపోయి, మిషన్ తన అసలు పేరు చెప్పుకుంది. తప్పుడు రాత తుడిచిన పిల్లకే దొంగ అని పేరొచ్చింది.

శ్రీను తొణకలేదు. “అన్నిట్లనూ ఆమెనే మార్చి, మిగతాటి సీళ్లు మళ్ల అంటించి ఉంటది సార్. సమ్మెల ఆఫీసు తాళం ఆమె దగ్గర్నే ఉండె గదా,” అన్నాడు. నర్సయ్య సారు తల ఊపాడు. పది ప్రాసెసర్లు, పది మదర్‌బోర్డులు విప్పి సంచిలో వేసుకుని షేర్ ఆటోలో తండాకు పోయిందట ఆ పిల్ల! వినడానికి సిగ్గుండాలి గదా.

మర్నాడు పొద్దున్నే తొర్రూరు బస్సెక్కాను. అక్కడి ఆఫీసు ఇన్‌ఛార్జి సరోజన మేడం. లలిత ఎన్నడూ అడుగు పెట్టని ఆఫీసు అది. రెండు మిషన్లకూ కంపెనీ సీళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. సీడీ పెట్టాను. అదే పాత ప్రాసెసర్, అదే ఒక జీబీ.

“ఆ పిల్లెవరో నాకు తెల్వదు,” అన్నారు మేడం. “గని మా మిషన్ గూడ వచ్చిన్నాడు మొదలు గిట్లనే కుంటుతంది. చెప్తే కంపెనీవాళ్లు మీకు నడుపుడు రాదన్నరు. తీసుకపో, ఈ సీలు అందరి ముందట తియ్యి.” గేట్ పాస్ రాసి సంతకం చేశారు. డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సులో మానుకోట దాకా వచ్చాను. గుంతలు వచ్చినప్పుడల్లా సీలు మీద అరచేయి వేసుకుని కూర్చున్నాను.

మెమో గడువు చివరి రోజున నర్సయ్య సారు గదిలో అందరం కూడాం. బల్ల మీద ఒక పక్క తొర్రూరు డబ్బా, ఇంకో పక్క నా దుకాణం మిషన్. నాది నిజంగానే డ్యూయల్ కోర్, రెండు జీబీ. రెండింట్లోనూ ఒకే సీడీ.

సారు ముఖం చిట్లించాడు. “ఖాజా, పత్రికల పుక్యానికి వచ్చిన సీడీని నమ్మి నేను కంపెనీ సర్టిఫికెట్ పక్కకు పెట్టాల్నా?”

“పుక్యానికి వచ్చింది గాబట్టే నమ్మాలె సార్. దీని లోపల ఏం రాసిండ్రో దునియాల ఎవ్వలన్న తీసి చదువుకోవచ్చు, దాచుడు లేదు. అబద్ధం రాస్తే వెయ్యిమంది పట్టుకుంటరు. మీ తెర మీది రాత ఎవ్వలు రాసిండ్రో ఈయన్ని అడుగుండ్రి.”

రెండు మిషన్లలో ఒకేసారి ఫిబొనాచి బెంచ్‌మార్క్ మొదలుపెట్టాను. పేరు పెద్దది గానీ కూడిక మీద కూడిక చేయించే లెక్క, అంతే. నా మిషన్ ముగించి ఫలితం చూపించింది. తొర్రూరుది ఇంకా గింజుకుంటూనే ఉంది. అటెండర్ తెచ్చిన చాయ్ తాగుతూ అందరం దాని ముఖమే చూశాం. ఎట్టకేలకు ముగిసింది. తర్వాత సీలు అందరికీ చూపించి, సారు చేతే చింపించి, డబ్బా విప్పి, ఫ్యాన్ తీసి, వేడి లాగడానికి చిప్ మీద పూసిన పేస్టు తుడిచాను. చిప్ మీద పాత పేరు. దాన్ని చదవడానికి ఏ సీడీ అక్కర్లేదు.

శ్రీను తేలు కుట్టిన దొంగలా ఉండాల్సింది. ఉండలేదు. బ్యాగులోంచి ఇన్‌స్టలేషన్ రిపోర్టు తీసి బల్ల మీద పెట్టాడు.

“మరి గిదేంది సార్? ఆర్డర్ ప్రకారం అన్ని మంచిగున్నయని ఈ ఖాజన్ననే సంతకం పెట్టిండు. అప్పుడు మంచిగున్నయి ఇప్పుడెట్ల మారినయి?”

గది అంతా నా వైపు చూసింది. ఆ క్షణంలో అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. చూసే పెట్టాను, తర్వాతే ఎవరో మార్చారు అంటే నా ఏఎంసీ నిలుస్తుంది, నా పేరు నిలుస్తుంది. గోడకు ఆనుకుని లలిత నిలబడి ఉంది. మెమో కాగితం నాలుగు మడతలుగా ఆమె పిడికిట్లో ఉంది.

“చూడకుండ పెట్టిన సార్,” అన్నాను. “దీక్ష టెంట్ల కూసోని, మనోడే గదా అని పెట్టిన. ఒక్క డబ్బ గూడ తెరువలే. లలిత మిషన్ సీలు గూడ, బల్లి పడ్డనాడు నేనే చింపిన. తప్పు నాది. ఏం రాసుకుంటరో రాసుకోండ్రి.”

శ్రీను ఫోన్ మోగినట్టు చెవికి పెట్టుకుని బయటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. వ్యాన్ వెళ్లిన చప్పుడు విన్నాం. అద్దం మీద బ్యానర్ అలాగే ఉండి ఉంటుంది.

ఇక్కడితో న్యాయం జరిగిందనుకుంటే పొరపాటే. నర్సయ్య సారు గొంతు సవరించుకుని, “సరేతియ్యి. ఇగ ఈ ముచ్చట ఇక్కడితోని ఖతం. లలితా, నువ్వు పోయి పని చేసుకో,” అన్నాడు. మెమో సంగతి లేదు, తప్పయిందన్న మాట లేదు.  నేను నోరు తెరిచేలోగా లలితే ముందుకు వచ్చింది. మడతలు విప్పి మెమోను బల్ల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది.

“సార్, దొంగ అని కాయితం మీద రాసిచ్చిండ్రు. కాదని నోటితోని చెప్తుండ్రు. నోటి మాట మా తండాదాక రాదు సార్. కాయితం వచ్చింది.”

“కొలువు ఉన్నది గదమ్మా, ఇంకేంది?”

“కొలువు మీరిచ్చింది. పేరు మా అవ్వ నాయిన ఇచ్చిండ్రు. అది నాకు రాసియ్యుండ్రి. నేనే టైపు చేసుకొస్త, మీరు సంతకం పెట్టుండ్రి.”

ఆఫీసు స్టాఫంతా తలుపు దగ్గర గుమిగూడారు. ఎవరో వెనకనుంచి, “పెట్టుండ్రి సార్,” అన్నారు. లలిత తన సీటుకు వెళ్లింది. ఆ కుంటి మిషన్ మీదే టైపు చేసింది, మేమంతా నిలబడి వేచి ఉన్నాం. మెమోలోని ఆరోపణ అబద్ధమని తేలింది, అది రద్దయింది, పార్టులు సప్లై నాటికే పాతవి అని మూడు వాక్యాలు. నర్సయ్య సారు రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు. ఒక నకలు ఆమె ఫైలులో పెట్టించుకుంది, ఒకటి బ్యాగులో వేసుకుంది.

నా ఏఎంసీ రద్దయింది. అది న్యాయమే, చూడకుండా సంతకం పెట్టినవాడికి అంతకంటే ఏం చేస్తారు? కంపెనీకి మాత్రం ఏమీ కాలేదు. పన్నెండు మిషన్లకూ మరో ర్యామ్ వేసి చేతులు దులుపుకున్నారు. మరుసటి ఏడాది ఆ కంపెనీయే ఇంకో పేరుతో భూపాలపల్లిలో ఒక ఆఫీసుకు సప్లై చేసిందని అక్కడి మెకానిక్ ఫోన్ చేశాడు. సంతకం పెట్టకముందు సీడీ పెట్టి చూడమని చెప్పాను. పెట్టి చూశాడు, డబ్బాలన్నీ వెనక్కి పంపించాడు. అదొక్కటే నాకు మిగిలిన సంతోషం.

సారు ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజు సాయంత్రం ఆటోల అడ్డా దగ్గర లలిత కనబడింది. శభాష్ అంటుందనో, కనీసం నవ్వుతుందనో ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు. ఆమె చున్నీ సర్దుకుంటూ నిదానంగా అంది:

“అన్నా, ఆ డబ్బాను ఒళ్లె పెట్టుకొని తొర్రూరు నుంచి తెచ్చినవు. దాన్ని అటు ఇటు తిప్పి వందపార్లు అడిగినవు. నన్ను ఒక్కటే అడిగినవు. అది గూడ ఇచ్చినవా అని.”

ఆటో నిండింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది. నేను దుకాణానికి వచ్చి షట్టర్ ఎత్తకుండా మెట్టు మీద కూర్చున్నాను. శ్రీను మీద, నర్సయ్య సారు మీద మూడు రోజులుగా పళ్లు కొరుకుతూ తిరిగిన నేను, నా వంతు వచ్చేసరికి ఎవరిని తిట్టాలో తెలియక అలా ఉండిపోయాను.

ఆ తర్వాత ఈ పనిలో ఇన్నేళ్లు గడిచాయి. పనిముట్లు మారాయి, సీడీ పోయి పెన్ డ్రైవ్ వచ్చింది. సంతకం ఇప్పుడు తండ్రి అడిగినా చూడకుండా పెట్టను. కానీ ఆ కేసు నాకు నేర్పింది అది కాదు. మిషన్ పట్టుకుని ఎవరు దుకాణం మెట్టెక్కినా ముందు వాళ్లను కుర్చీలో కూర్చోబెడతాను. ఏం చేస్తుంటే ఆగుతోంది, ఎప్పటినుంచి, పాతదానికీ దీనికీ తేడా ఏమిటి అని అడిగి వాళ్ల మాటల్లోనే నోటుబుక్కులో రాసుకుంటాను. పెన్ డ్రైవ్ ఆ తర్వాతే తీస్తాను. ఇది కొత్త మిషన్ లెక్క లేదని లలిత నెలలోపలే వచ్చి నాకు చెప్పింది. ఆ రోజు ఆమె మాట విని ఉంటే ఆ మెమో పుట్టేదే కాదు.